నలుగురి చేతిలో పేర్ల పట్టిక

ఇంటర్నెట్‌కు యజమాని లేడన్న మాట తరచూ వింటుంటాం. అది సగం నిజం. సముద్రం అడుగున పరిచిన కేబుళ్లకు యజమానులున్నారు, టవర్లకు ఉన్నారు, సమాచారం దాచే యంత్రాలకు ఉన్నారు. యజమాని ఎవరో తేలకుండా మిగిలింది ఒక చిన్న పట్టిక. .కామ్, .ఆర్గ్, .ఇన్ వంటి తోకల్లో ఏది ఎవరి అధీనంలో ఉంది, దాని కింద ఉన్న పేర్ల గురించి ఏ యంత్రాన్ని అడగాలి అని చెప్పే పట్టిక అది. దాన్నే రూట్ అంటారు. ప్రపంచంలో ఏ మూల ఎవరు ఏ వెబ్‌సైటు పేరు కొట్టినా వెతుకులాటకు మొదలు అదే. అందులో ఒక వరుస కొట్టేస్తే ఒక దేశం పేరు నెట్‌లో వెతికినా దొరకదు. ఈ పట్టిక ఎవరి చేతిలో ఉండాలన్న తగవే ఇంటర్నెట్ పాలన చరిత్రలో సింహభాగం. ప్రభుత్వాలు, కంపెనీలు, ఇంజనీర్లు, పౌర సంఘాలు, విద్యావేత్తలు కలిసి కూర్చుని తేల్చుకునే పద్ధతి ఆ తగవులోంచే రూపుదిద్దుకుంది. ఇంగ్లీషు పేరుతో దాన్ని మల్టీ స్టేక్‌హోల్డర్ పద్ధతి అంటున్నారు. ప్రజాస్వామ్యంలో కొత్త మెట్టని దాన్ని పొగిడేవాళ్లున్నారు, కంపెనీల పెత్తనానికి ముసుగని తిట్టేవాళ్లూ ఉన్నారు. చరిత్రను దగ్గరగా చూస్తే నాకు వేరే సంగతి కనిపిస్తుంది. కలిసి నడుద్దామన్న సదుద్దేశంతో ఈ పద్ధతి పుట్టలేదు. ఒకరిని కాదని మరొకరు అడుగు వెయ్యలేని చోట, గత్యంతరం లేక పుట్టింది. ప్రతి పక్షం చేతిలోనూ మిగతావాళ్లకు తప్పనిసరిగా కావలసింది ఏదో ఒకటి ఉన్నచోట అది పనిచేసింది. ఉత్త కుర్చీ వేసి కూర్చోబెట్టిన చోట ఉపన్యాసాలు మిగిలాయి.

స్టేక్‌హోల్డర్ అన్న మాటను తెలుగులో కొందరు 'వాటాదారులు' అంటారు, కొందరు 'భాగస్వామ్య పక్షాలు' అంటారు. రెండో మాట వినసొంపుగా ఉంటుంది గాని మొదటిదే నిక్కచ్చి. వాటా ఉందంటే చేతిలో ఏదో ఉండాలి, అది కాదంటే అవతలివాడికి నష్టం జరగాలి. మన చెరువుల కింద నీటి పంపకం ఇలాగే సాగేది. తూము ఎత్తేదీ దించేదీ నీరటి. చెరువు అతనిది కాదు, పొలాలూ అతనివి కావు. అయినా ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో అతని లెక్కే చెల్లేది. ఆ లెక్క మీద ఆయకట్టు నమ్మకం పోయిన రోజున తూము దగ్గర కర్రలు లేచేవి.

ఇంటర్నెట్‌కు అలాంటి నీరటి జాన్ పోస్టెల్. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచే అర్పానెట్ కాలంలో, 1970ల మొదట్లో, ఏ సంఖ్య దేనికి కేటాయించారో రాసి ఉంచే పని ఆయన తన మీద వేసుకున్నారు. అప్పటికి ఆయన లాస్ ఏంజెలిస్‌లో పరిశోధక విద్యార్థి. యంత్రాల పేర్ల జాబితా మాత్రం ఉత్తరాన మెన్లో పార్కులో, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం దగ్గర ఉండేది. కొత్త యంత్రం చేరితే వాళ్లకు చెప్పాలి, వాళ్లు ఫైలులో చేర్చాలి, అందరూ ఆ ఫైలును తెచ్చుకోవాలి. యంత్రాలు వందలు దాటేసరికి ఆ పద్ధతికి ఊపిరాడలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించారు. పేర్లన్నీ ఒకేచోట రాయకుండా ఎవరి తోక కింది పేర్లు వాళ్లే చూసుకునేలా పని పంచేశారు. కేంద్రంలో మిగిలింది పైన చెప్పిన చిన్న పట్టిక ఒక్కటే. దాని బాధ్యత పోస్టెల్‌కు వచ్చింది.

ఆ బాధ్యతను ఆయన నిర్వహించిన తీరు చెప్పుకోదగ్గది. దేశాలకు రెండక్షరాల తోకలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఏది దేశం, ఏది కాదు అని తేల్చాల్సి వస్తుంది. ఒక ఇంజనీరు తలకెత్తుకోవలసిన తీర్పు కాదది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దగ్గర అప్పటికే ఉన్న దేశాల సంకేతాల జాబితాను ఆయన యథాతథంగా వాడుకున్నారు. తోక నడిపేవాడు దానికి యజమాని కాదు, ఆ దేశ ప్రజల తరఫున ధర్మకర్త అన్న నియమాన్ని 1994లో రాసి పెట్టారు. మన .ఇన్ 1989లో ఇలాగే వచ్చింది. ముంబైలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ దాన్ని చాలా ఏళ్లు చూసుకుంది. ఇందులో ఎక్కడా ఎన్నిక లేదు, ఒప్పందం లేదు, ఐక్యరాజ్యసమితి తీర్మానం లేదు. నమ్మకం ఉంది. ఆ నమ్మకం కూడా ఊరికే రాలేదు. పట్టికను చదివి జనానికి జవాబిచ్చే రూట్ సర్వర్లు పోస్టెల్‌వి కావు. అవి విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, సైనిక విభాగాలు, కంపెనీల చేతుల్లో ఉండేవి. ఆయన పట్టికను వాళ్లు తీసుకోకపోతే అది చిత్తు కాగితం. వాళ్లంతా ఒకే పట్టికను తీసుకోకపోతే ఇంటర్నెట్ ముక్కలవుతుంది. బయటి నుంచి చూస్తే ఒక మనిషి పెత్తనంలా కనిపించినా లోపల అది పరస్పర అవసరం.

డబ్బు వచ్చాక లెక్క మారింది. 1993 నుంచి అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌తో ఒప్పందం కింద నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీ .కామ్ వంటి పేర్లను నమోదు చేసేది. 1995లో పేరుకు ఏడాదికి 50 డాలర్లు వసూలు చెయ్యడం మొదలుపెట్టింది. అంతవరకూ ఉచితంగా దొరికిన పేరు రాత్రికి రాత్రే ఆస్తి అయింది. ట్రేడ్‌మార్కు లాయర్లు రంగంలోకి దిగారు. గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టడానికి పోస్టెల్, ఇంటర్నెట్ సొసైటీ మరికొందరితో కలిసి 1997లో జెనీవా కేంద్రంగా కొత్త ఏర్పాటుకు పూనుకున్నారు. అమెరికా ప్రభుత్వం అడ్డుపడింది. 1998 జనవరి 28న పోస్టెల్ ఒక ఈమెయిల్ పంపారు. ఇకమీదట పట్టికను నెట్‌వర్క్ సొల్యూషన్స్ యంత్రం నుంచి కాకుండా తన యంత్రం నుంచి తీసుకోమని ప్రభుత్వేతర రూట్ సర్వర్ల నిర్వాహకులను కోరారు. ఎనిమిది సర్వర్లు ఆయన మాట విన్నాయి. ప్రభుత్వానికీ సైన్యానికీ నెట్‌వర్క్ సొల్యూషన్స్‌కూ చెందినవి పాత యంత్రాన్నే పట్టుకుని ఉన్నాయి. రెండు పట్టికలూ ఒక్కటే కావడంతో జనానికి తేడా తెలియలేదు. వైట్‌హౌస్‌కు మాత్రం తెలిసింది. అధ్యక్షుడి సలహాదారు ఐరా మ్యాగజినర్ అభ్యంతరం చెప్పారు, కొద్దిరోజుల్లోనే అంతా యథాస్థితికి వచ్చింది. అది పరీక్ష మాత్రమేనని పోస్టెల్ అన్నారు. పరీక్షే అనుకున్నా, దాని ఫలితం రెండు పక్షాలకూ అర్థమైంది. ఇంజనీర్లు సహకరించకపోతే ప్రభుత్వం చేతిలోని కాగితం పనిచెయ్యదు. ప్రభుత్వం కన్నెర్రజేస్తే ఇంజనీర్ల చేతిలోని యంత్రం నిలబడదు. ఈ పట్టికను చూసుకునే పనికి ఆ ఏడాది సెప్టెంబర్ 30న కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా ఐకాన్ పుట్టింది. పదహారు రోజులకు, అక్టోబర్ 16న పోస్టెల్ కన్నుమూశారు. నీరటి పోయాడు, సంఘం మిగిలింది.

ఆ సంఘంలో మామూలు వినియోగదారుడికి చోటిచ్చే ప్రయత్నం ఒకటి జరిగింది. 2000లో ఐకాన్ తన బోర్డులోకి అయిదుగురిని ప్రపంచవ్యాప్తంగా ఆన్‌లైన్ ఓటుతో ఎన్నుకోనిచ్చింది. జర్మనీ నుంచి హ్యాకర్ల సంఘానికి చెందిన యువకుడు గెలిచాడు, అమెరికా నుంచి ఐకాన్‌నే గట్టిగా విమర్శించే ఇంజనీరు గెలిచాడు. రెండేళ్లు తిరిగేసరికి సంస్కరణల పేరుతో ఆ ఎన్నికలనే ఎత్తేశారు. వినియోగదారుల ప్రతినిధులకు సలహా సంఘం మిగిలింది. ఇది నన్ను బాధపెట్టే ఘట్టం, ఎందుకంటే ఐకాన్ చరిత్రలో ప్రజాస్వామ్యానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చిన క్షణం అదే. అది నిలబడకపోవడానికి కారణం కూడా దాచలేనిది. ఓటర్లకు ఓటుంది గాని, ఆ ఓటు లాక్కుంటే సంస్థకు జరిగే నష్టమేమీ లేదు. తోకలు నడిపే రిజిస్ట్రీలు ఫీజు ఆపగలవు, సర్వర్ల నిర్వాహకులు పట్టిక తీసుకోం అనగలరు, ప్రభుత్వాలు చట్టం చెయ్యగలవు. వినియోగదారులు అలగగలరు, అంతే.

ప్రభుత్వాల అభ్యంతరం ఇంకో వైపు నుంచి వచ్చింది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 2003లో జెనీవాలో, 2005లో ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో ఐక్యరాజ్యసమితి సమాచార సమాజ శిఖరాగ్ర సభలు జరిపింది. ప్రపంచమంతా వాడే పట్టికలో ప్రతి మార్పుకూ అమెరికా వాణిజ్య శాఖ ఆమోదం ఎందుకుండాలని బ్రెజిల్, చైనా, భారత్ వంటి దేశాలు నిలదీశాయి. ఇది ఊహాజనిత భయం కాదు. 2005 ఆగస్టులో .ట్రిపుల్ ఎక్స్ తోక విషయంలో అమెరికా వాణిజ్య శాఖ లేఖ రాసి ఐకాన్‌ను ఆగమంది, ఆ తోక 2011 దాకా రాలేదు. ఎన్నికైన ప్రభుత్వాలకే ప్రజల తరఫున మాట్లాడే హక్కుందని, కంపెనీలకూ స్వచ్ఛంద సంస్థలకూ ఎవరు ఓటేశారని వాళ్ల వాదన. ఈ చర్చకు దారి చూపమని ఏర్పాటు చేసిన కార్యాచరణ బృందానికి నితిన్ దేశాయ్ అధ్యక్షత వహించారు. ప్రభుత్వాలు, ప్రైవేటు రంగం, పౌర సమాజం తమతమ పాత్రల్లో కలిసి రూపొందించి అమలు చేసేదే ఇంటర్నెట్ పాలన అన్న నిర్వచనం ఆ బృందం నుంచే వచ్చింది. ట్యూనిస్‌లో పట్టిక చేతులు మారలేదు. బదులుగా అందరూ మాట్లాడుకునే వేదిక ఒకటి, ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం, మిగిలింది. దానికి తీర్మానాలు చేసే అధికారం ఇవ్వలేదు.

ఆ ఫోరం మూడో సమావేశం హైదరాబాద్‌లో, మాదాపూర్ పక్కనున్న అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో 2008 డిసెంబర్ 3 నుంచి 6 దాకా జరిగింది. ముంబై దాడులు మొదలై అప్పటికి సరిగ్గా వారం. 'అందరికీ ఇంటర్నెట్' అన్నది చర్చాంశం. భాషా వైవిధ్యం, పల్లెలకు నెట్ అందడం, పిల్లల భద్రత వంటివి నాలుగు రోజులు చర్చించారు. అక్కడ నిర్ణయమైనది ఏదీ లేదు, ఎందుకంటే నిర్ణయించే వీలే లేదు. ఫోరంను సమర్థించేవాళ్లు, నిర్ణయాలు లేవు కాబట్టే అందరూ మనసు విప్పి మాట్లాడారంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అక్కడ కలిసినవాళ్లు తర్వాత వేరే చోట్ల కలిసి పనిచేసిన ఉదాహరణలున్నాయి. కానీ భారత ప్రభుత్వానికి అది చాలలేదని మూడేళ్లకే బయటపడింది. 2011లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో యాభై దేశాల ప్రభుత్వాలతో ఒక కమిటీ వేసి ఇంటర్నెట్ విధానాన్ని దానికి అప్పగించాలని భారత్ ప్రతిపాదించింది. మిగతా పక్షాలు ఆ కమిటీకి సలహాలివ్వాలి. దేశంలోని సాఫ్ట్‌వేర్ పరిశ్రమతో పాటు పలు పౌర సంఘాలు కూడా వ్యతిరేకించాయి. 2015లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన ఐకాన్ సమావేశంలో భారత్ బహుళ పక్షాల పద్ధతికి మద్దతు ప్రకటించింది. ఈ మలుపును సిద్ధాంతాల మార్పుగా చూడడం కష్టం. నెట్ మీద బతికే పరిశ్రమ ఒకవైపు, దాన్ని వాడే కోట్లమంది మరోవైపు తయారయ్యాక, కేవలం ప్రభుత్వాల గదిలో కూర్చోవడం భారత్‌కే లాభసాటి కాదని తేలింది.

అమెరికా పట్టు వదలడానికి కూడా సదుద్దేశం కన్నా ఒత్తిడే ఎక్కువ కారణం. 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన నిఘా వివరాలతో ఆ దేశం మీద నమ్మకం దెబ్బతింది. అక్టోబర్‌లో మాంటెవీడియోలో సమావేశమైన సాంకేతిక సంస్థల అధిపతులు, ఇన్నాళ్లూ అమెరికాకు దగ్గరగా ఉన్నవాళ్లే, ఈ బాధ్యతను ప్రపంచానికి మార్చాలని బహిరంగంగా కోరారు. 2014 మార్చి 14న అమెరికా తన పర్యవేక్షణ వదులుకుంటానని చెప్పింది, షరతు పెట్టి: ప్రభుత్వాలు కలిసి నడిపే సంస్థకు అప్పగించే ప్రణాళికను ఒప్పుకోదు. రెండేళ్లపాటు వందలమంది రాత్రింబవళ్లు ఫోన్ల మీద, ఈమెయిళ్ల మీద ప్రణాళిక రాశారు. అందులో నాకు విలువైనదిగా తోచే భాగం పర్యవేక్షణ మార్పు కాదు, కొత్త అధికారాలు. బోర్డు బడ్జెట్‌ను తిరస్కరించే, బోర్డునే తొలగించే హక్కును అయిదు పక్షాల సముదాయానికి ఇచ్చారు. అంతకు పదహారేళ్ల ముందు ఓటర్లకు లేని పళ్లు ఈసారి పెట్టారు. చివరి రోజుల్లో నాలుగు అమెరికన్ రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. 2016 సెప్టెంబర్ 30న టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు స్టే ఇవ్వడానికి నిరాకరించింది. తెల్లారేసరికి ఐకాన్‌తో అమెరికా ఒప్పందం ముగిసింది.

ఆ తర్వాత ఐకాన్ తొలి సమావేశం నవంబర్ 3 నుంచి 9 దాకా మళ్లీ అదే హైదరాబాద్ కేంద్రంలో జరిగింది. నిజానికది ప్యూర్టోరికోలో జరగాల్సింది, జికా వైరస్ భయంతో ఇక్కడికి మారింది. ప్రపంచపు పేర్ల పట్టిక ఏ ఒక్క ప్రభుత్వ పర్యవేక్షణా లేకుండా సాగిన మొదటి రోజుల్లో దాని గురించి మన గడ్డ మీద చర్చ జరిగింది. సమావేశం ముగియడానికి ముందు రాత్రే పెద్ద నోట్ల రద్దు ప్రకటన రావడంతో మన జ్ఞాపకాల్లో ఆ వారం మరో కారణంగా మిగిలిపోయింది.

ఈ పద్ధతి మీద వచ్చే విమర్శల్లో బలమైనది ఒకటుంది: డబ్బున్నవాడే గెలుస్తాడు. .అమెజాన్ తోక కోసం కంపెనీ దరఖాస్తు చేస్తే, ఆ పేరు తమ నదిదీ అడవిదీ అని బ్రెజిల్, పెరూ అడ్డుచెప్పాయి. ప్రభుత్వాల సలహా సంఘం 2013లో వద్దంది. ఏళ్ల తరబడి పోరాడి చివరికి కంపెనీయే దక్కించుకుంది. దీనికి నా దగ్గర సమర్థన లేదు. అయితే .ఆర్గ్ కథ వేరుగా ముగిసింది. లాభాపేక్ష లేని సంస్థల పేర్లుండే ఆ తోకను 113 కోట్ల డాలర్లకు పైగా మొత్తానికి ఒక పెట్టుబడి సంస్థకు అమ్మబోతే స్వచ్ఛంద సంస్థలు ప్రపంచమంతటా గొడవ చేశాయి. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఐకాన్‌కు లేఖ రాశారు. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ అమ్మకానికి ఒప్పుకోలేదు. రెండు కథలకూ మధ్య తేడా నీతిలో కన్నా చేతిలో ఉన్నదానిలో ఉంది. మొదటి దాంట్లో అభ్యంతరం చెప్పిన ప్రభుత్వాల చేతిలో సలహా మాత్రమే ఉంది. రెండో దాంట్లో గొడవ చేసినవాళ్లకు తోడుగా, ఐకాన్‌ను ప్రశ్నించే చట్టబద్ధమైన అధికారం ఉన్న ఒక ప్రభుత్వ న్యాయాధికారి దొరికారు. బహుళ పక్షాల పద్ధతిలో ప్రభుత్వాలకు చోటు అక్కర్లేదనేవాళ్లు ఈ రెండోదాన్ని గుర్తుంచుకోవాలి. ప్రభుత్వాలకే అప్పగించాలనేవాళ్లు 2022 మార్చిని గుర్తుంచుకోవాలి. రష్యాతో యుద్ధం మొదలైన వారంలోపే ఆ దేశపు .రు తోకను తీసేయమని ఉక్రెయిన్ అడిగింది. ఆ బాధ ఎంత న్యాయమైనదైనా ఐకాన్ ఒప్పుకోలేదు, పట్టికను శిక్షకు వాడబోమంది. ఆ పట్టిక ప్రభుత్వాల ఓటింగుకు లోబడి ఉంటే, ఈ యుద్ధానికి కాకపోయినా వచ్చే యుద్ధానికి ఏదో ఒక వరుస చెరిగేది.

ఈ పద్ధతి అన్ని పక్షాల అవసరంతో నడిచిన చోటును చూడాలంటే మన అక్షరాల దగ్గరికి రావాలి. పేర్ల వ్యవస్థ పుట్టినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే తెలుసు దానికి. ఇతర లిపులు చేరే ప్రమాణం 2003లో వచ్చింది. 2011లో .భారత్ తోక తెలుగుతో సహా ఏడు లిపుల్లో ఆమోదం పొందింది. కానీ ఏ అక్షరాల కూర్పును పేరుగా అనుమతించాలన్నది ఇంజనీరు ఒక్కడూ తేల్చలేడు, ఒక్క ప్రభుత్వమూ తేల్చలేదు. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు టకారపు పొల్లుకూ వకారానికీ మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం వేస్తాం. అది లేకపోతే వకారం ఒత్తుగా మారి కిందికి జారుతుంది. అచ్చులో మనకది మామూలు. పట్టికలో మాత్రం ప్రమాదం, ఎందుకంటే ఆ కనిపించని సంకేతం ప్రభావం చూపని చోట రెండు వేర్వేరు పేర్లు అచ్చం ఒకేలా కనిపించి మోసానికి దారితీస్తాయి. తెలుగు, కన్నడ ఒకే తల్లి లిపి బిడ్డలు. సున్నా మొదలుకొని చాలా గుర్తులు, అక్షరాలు చిన్న తెర మీద విడదీయలేనంత దగ్గరగా ఉంటాయి. బ్రాహ్మీ నుంచి వచ్చిన తొమ్మిది లిపుల కోసం ఏర్పడ్డ బృందంలో భాషావేత్తలు, కంప్యూటర్ నిపుణులు, రిజిస్ట్రీ అనుభవం ఉన్నవాళ్లు కలిసి ఈ నియమాలు రాశారు. ముసాయిదాను జనం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగారు. తెలుగు నియమాలు 2019లో రూట్ నియమావళిలో చేరాయి. కనిపించని ఆ సంకేతాన్ని రూట్ స్థాయిలో వద్దనుకున్నారు, పోలిన అక్షరాల వల్ల ఒకేలా కనిపించే పేర్లు తెలుగులోనూ కన్నడలోనూ వేర్వేరు చేతుల్లో పడకుండా కట్టుబాటు పెట్టారు. భాష తెలిసినవాళ్లు లేకపోతే ఇంజనీరుకు పట్టిక తప్పుగా వస్తుంది, ఇంజనీరు లేకపోతే భాషావేత్త తీర్పు యంత్రంలోకి ఎక్కదు.

అయినా తెలుగు పేరు నెట్‌లో అంతటా చెల్లడం లేదు. తెలుగులో రాసిన ఈమెయిలు చిరునామాను రైలు టిక్కెట్టుకో, బ్యాంకు ఖాతాకో, కాలేజీ దరఖాస్తుకో ఇచ్చి చూస్తే చాలా ఫారాలు చెల్లదని తిప్పికొడతాయి. రూట్ ఒప్పుకుంది, ప్రమాణం ఒప్పుకుంది, దేశం ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన ఒక వరుస కోడ్, చిరునామా అంటే ఇంగ్లీషు అక్షరాలే ఉండాలని తనిఖీ చేసే వరుస. ఆ వరుసలు లక్షల చోట్ల, లక్షల మంది ప్రోగ్రామర్ల చేతుల్లో ఉన్నాయి. వాళ్లలో ఎంతోమంది తెలుగువాళ్లే, హైదరాబాద్‌లో, బెంగళూరులో, డల్లాస్‌లో కూర్చుని పనిచేస్తున్నవాళ్లే. జెనీవాలో గాని, ట్యూనిస్‌లో గాని, మాదాపూర్ పక్కన జరిగిన ఆ రెండు సమావేశాల్లో గాని వాళ్ల తరఫున ఒక్క కుర్చీ కూడా వెయ్యలేదు.